ఎడమచేతి బావ

బస్సు ఆగింది కాబట్టి బావ లేస్తాడనుకున్నాడు అతను. ఏడాదికి పైగా అదే వరస. కొత్త ఊళ్లో బస్సు ఆగగానే పై బెర్తులోంచి ముందు కాళ్లు దిగేవి, తర్వాత ఆవలింత, ఆ తర్వాత "ఏ దేశంరా ఇది?" అనే ప్రశ్న. ఆ పొద్దున కాళ్లు దిగలేదు. అతను తెర పక్కకి లాగి, "బావా, దేశం మారింది, లే" అని భుజం మీద చెయ్యేశాడు. వేసిన చెయ్యి తీయడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు. డ్రైవరు వెనక్కి వచ్చి రెండుసార్లు పిలిచాక గాని నోట మాట రాలేదు. వచ్చిన మాట కూడా, "చల్లగా ఉన్నాడు, ఇంకో దుప్పటి ఇవ్వండి" అని.

ఆ రాక్ బృందంలో అతన్ని అందరూ బామ్మర్ది అనే పిలిచేవాళ్లు. డ్రమ్ములు వాయించే ఆయన భార్యకు తమ్ముడు కాబట్టి మొదట్లో వేళాకోళానికి అన్నారు, పోను పోను అదే పేరైపోయింది. లైట్లవాళ్లు, లారీవాళ్లు, భాష తెలియని దేశాల్లో సామాను దించే కూలీలు కూడా "బామ్మర్దీ" అని కేకేసేవాళ్లు. అదేదో పెద్ద హోదా అనుకుని కొందరు నమస్కారం కూడా పెట్టేవాళ్లు.

అతని పని డ్రమ్ములు బిగించడం. స్టేజీ మీద పాత జంపఖానా ఒకటి పరిచేవాడు. దాని మీద రంగురంగుల టేపు ముక్కలు అంటించి ఉండేవి. ఏ స్టాండు కాలు ఎక్కడ ఆనాలో ఆ గుర్తులు చెప్పేవి. ఏ దేశమైనా, ఏ స్టేజీ అయినా, బావ కూర్చునే చోటు మాత్రం వెంట్రుకవాసి కూడా మారేది కాదు. కళ్లు మూసుకుని చెయ్యి చాపితే తాళం తగలాలి.

బావది ఎడమచేతి వాటం. కాలితో తొక్కితే చప్పున మూసుకునే జంట తాళాలు అందరు డ్రమ్మర్లకీ ఎడమ పక్కన ఉంటే, బావకి కుడి పక్కన ఉండాలి. పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, తాళాలు, సమస్తం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. అన్నం కుడిచేత్తోనే తినేవాడు. సంతకమూ కుడిచేత్తోనే. డ్రమ్ముల ముందు కూర్చుంటే మాత్రం ఎడమచేతిదే పెత్తనం. ఎవరైనా ఆశ్చర్యపోతే, "కూడు ఒక చేత్తో, కూత ఇంకో చేత్తో. ఎవరి వాటా వాళ్లకి" అనేవాడు. ఆ ఎడమచేతి దరువులో ఏదో చిన్న తూగు ఉండేది. పడబోయి నిలదొక్కుకున్నట్టు. జనం ఆ తూగు మీదే పడి చచ్చేవాళ్లు.

పర్యటన మొదటి నుంచీ గాలివానే. పాటగాడికీ గిటారాయనకీ మాటల్లేవు. స్టేజీ మీద ఒకే మైకు దగ్గర భుజాలు రాసుకుంటూ పాడేవాళ్లు, దిగగానే చెరో కారు. ఒక దేశంలో స్టేజీ కప్పు గాలికి లేచిపోయింది. ఇంకో దేశంలో సరిహద్దు దగ్గర లారీని ఆపేస్తే అద్దె వాయిద్యాలతో కచేరీ గట్టెక్కించారు. పాటగాడు ఒక ఊళ్లో మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని, కుర్చీలో కూర్చునే నెలంతా పాడాడు. పాటగాడికీ గిటారాయనకీ మధ్య కబుర్లు మోసే పని కూడా బామ్మర్దిదే. "వాడికి చెప్పు, రెండో పాటలో గిటారు కాస్త తగ్గించమని." "వాడికి చెప్పు, ముందు గొంతు పెంచమని." బావ ఇదంతా చూసి నవ్వేవాడు. "విడాకులు ఇప్పించెయ్‌రా వాళ్లకి. పిల్లలం మనం, ఎవరో ఒకరి దగ్గర సర్దుకుందాం."

అలా అన్న మనిషి నిద్రలో పోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అంతకుమించి చెప్పడానికి వాళ్ల దగ్గరా ఏమీ లేదు.

అక్కకి ఫోను చేయాల్సింది తనే.

"ఏరా, ఇంత పొద్దున్నే? మీ బావ మళ్లీ ఫోను ఎక్కడన్నా పారేశాడా?"

"లేదక్కా. ఫోను ఉంది."

"మరి?"

"ఫోను నా దగ్గరే ఉంది."

అవతల కొళాయి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"మీ బావకివ్వు" అంది అక్క.

అతను ఇవ్వలేకపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం హోటల్లో అందరూ తలుపులేసుకుని కూర్చుంటే, బామ్మర్ది ఒక్కడే కచేరీ జరగాల్సిన మైదానానికి వెళ్లాడు. వెళ్లి జంపఖానా పరిచి, డ్రమ్ములన్నీ బిగించి, ఒక్కొక్క తోలూ తట్టి చూసి శ్రుతి సరిచేసి, స్టూలు ఎత్తు సరిచూసి, రెండు కర్రలు దాని మీద పెట్టాడు. మేనేజరు వెతుక్కుంటూ వచ్చి నోరు తెరిచాడు.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు?"

"బిగిస్తున్నా సార్."

"ఎవరికి?"

అతను చేతిలో ఉన్న పానా వంక చూసుకున్నాడు. దాన్ని ఎప్పుడు పట్టుకున్నాడో గుర్తు రాలేదు.

బావని ఇంటికి తీసుకెళ్లడానికి అతనే వెంట వెళ్లాడు. కొన్ని వారాల తర్వాత మిగిలిన ఊళ్లు పూర్తి చేయక తప్పదని మేనేజరు కబురు పెట్టాడు. అక్క గుమ్మంలో నిలబడి, "వెళ్లు. ఇక్కడుండి నువ్వు చేసేదేముంది, నా మొహం చూస్తూ కూర్చోవడం తప్ప" అంది. వెళ్లాడు.

బావ చోటులోకి ఒక కుర్రపిల్ల వచ్చింది. సన్నగా, గట్టిగా, మాట కన్నా చెయ్యి చురుగ్గా ఉండే మనిషి. అందరిలాగే కుడిచేతి వాటం. మొదటి రోజు వచ్చి స్టూలు మీద కూర్చుని, అటూ ఇటూ చూసి లేచి నిలబడింది.

"అన్నా, ఇదేంటి, అద్దంలోంచి దిగొచ్చినట్టుంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను సిగ్గుపడి, గబగబా అన్నీ ఊడదీసి ఇటుదటు మార్చాడు. ఆమె కూడా సాయం పట్టింది. రెండో ఊళ్లో మళ్లీ అంతే. మూడో ఊళ్లోనూ అంతే. సరిగ్గానే మొదలుపెట్టేవాడు. జంపఖానా మీద టేపు గుర్తులు కనబడగానే చేతులు వాటి దారిన అవి వెళ్లిపోయేవి. అంతా అయ్యాక వెనక్కి తగ్గి చూసుకుంటే మళ్లీ అన్నీ తిరగబడి ఉండేవి. మేనేజరు కొత్త జంపఖానా తెప్పించాడు. దాన్ని అతను లారీలోంచి దించలేదు.

"ఇది బావ పద్ధతి సార్" అన్నాడు ఒకసారి, నేల చూస్తూ.

"మీ బావ లేడు నాయనా!" అన్నాడు మేనేజరు. అరవాలని అరవలేదు గానీ అరుపే అయింది. "రేపు కూడా ఇలాగే ఉంటే నువ్వు ఇంటికెళ్లిపో. నాకు వేరే దారి లేదు."

ఇంటికెళ్తే చేసుకోవడానికి అతనికి ఇంకో పని రాదు. అది కాదు అసలు భయం. తను వెళ్లిపోతే ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి ఆ స్టాండ్లని మొదటి నుంచే కుడిచేతి వాటంగా బిగించేస్తాడు. ఆ క్షణాన బావ నిజంగా పోతాడు. తను అలా బిగించినా అంతే. ఎటు చూసినా అదే.

ఆ మర్నాటి కచేరీ బావ జ్ఞాపకార్థమని అక్కని ముందే పిలిపించారు. మధ్యాహ్నం ఆవిడ చిన్న సంచీ ఒకటి భుజాన వేసుకుని స్టేజీ వెనక మెట్లెక్కి వచ్చేసరికి, తమ్ముడు జంపఖానా మీద చతికిలబడి ఉన్నాడు. సగం స్టాండ్లు నిలబడ్డాయి. అన్నీ తిరగేసే.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉన్నాడమ్మా" అంది కొత్త పిల్ల మెల్లగా. "నేను ఇలాగే వాయించేద్దామని కూడా ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. మీ ఆయన ఎలా వాయించేవారో!"

"నువ్వు కాసేపు అలా వెళ్లమ్మా" అంది అక్క. ఆ అమ్మాయి వెళ్లాక కేబుళ్ల పెట్టె మీద కూర్చుంది.

"నువ్వు మొట్టమొదట డ్రమ్ములు బిగించిన రోజు గుర్తుందిరా?"

ఎందుకు గుర్తుండదు? ఎందరికి చెప్పుకున్నాడో ఆ కథ. అప్పటికి అక్క పెళ్లి కాలేదు. తను పరీక్షలు తప్పి, నాన్న చేత రోజూ చీవాట్లు తింటూ ఇంట్లో పడి ఉన్నాడు. అక్క బతిమాలితే బావ ఈ పనిలో పెట్టించాడు. బృందం అప్పుడే పుట్టింది. అంతవరకూ బావ సాధనంతా బల్ల మీద దరువేసుకునే. డ్రమ్ములు అద్దెకి తెచ్చింది ఆ రోజే. పత్రికలో బొమ్మ ఒకటి చించి పెట్టుకుని, దాన్ని చూస్తూ బిగించాడు. బావ వచ్చి చూసి, "నాది ఎడమచేతి వాటమని నీకెవరు చెప్పార్రా?" అని వీపు తట్టాడు. తనకెవరూ చెప్పలేదు. అదృష్టం కొద్దీ కుదిరింది. ఆ రోజే అనుకున్నాడు, ఈ పని తన కోసమే పుట్టిందని.

"ఆ బొమ్మ ఎటునుంచి తీసిందిరా?" అని అడిగింది అక్క.

"ఎటునుంచేంటి? ముందు నుంచే. జనం కూర్చునే వైపు నుంచి."

"నువ్వెటు నిలబడి బిగించావు?"

"స్టూలు వెనక..." అని ఆగిపోయాడు.

ముందు నుంచి చూసేవాడి కుడి, వెనక కూర్చునేవాడికి ఎడమ. అతను కుడిచెయ్యి ఎత్తి గాల్లో ఒకసారి అటు తిప్పాడు, ఒకసారి ఇటు తిప్పాడు.

"అక్కా."

"ఊఁ."

"బావది ఎడమచేతి వాటం కాదా?"

"నీది ఎంత కుడిచేతి వాటమో ఆయనదీ అంతే."

కింద మైదానంలో ఎవరో కుర్చీలు వరసగా వేస్తున్నారు. ఆ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. అక్క గొంతు కూడా.

"ఆ రోజు పాటగాడు అక్కడే ఉన్నాడు. చదువు తప్పినవాణ్ణి తెచ్చి నా నెత్తిన పెట్టారు, ఒక్క తప్పు చేస్తే సాయంత్రమే సాగనంపుతానన్నాడు. నువ్వు ఇంత మొహం చేసుకుని నిలబడ్డావు, ఎలా ఉందని. మీ బావ డ్రమ్ములు చూశాడు, నిన్ను చూశాడు. తలుపు దగ్గరున్న నన్ను చూశాడు. ఎడమచేతి వాటమని అనేశాడు. ఒక్క పూటకేగా అనుకున్నాడు. పాపం, ఆ పూట ఎంత చెత్తగా వాయించాడో! మర్నాడు నువ్వు మళ్లీ అలాగే బిగించావు, ఇంకా ఉత్సాహంగా. ఇక మేడ మీద గదిలో తలుపేసుకుని నెలల తరబడి ఎడమచేత్తో సాధన. తమ్ముడికి చెప్పేస్తే పోలా అన్నాను. చెబితే వాడు పని మానేస్తాడు, మళ్లీ మీ నాన్న నోట్లో పడతాడు అన్నాడు. ఈలోగా పేరొచ్చేసింది. ఆ తూగు బాగుందని ఊరూవాడా అన్నాక ఇంకేం చెబుతాడు? అదేం తూగు కాదురా. చెయ్యి తడుముకోవడం."

అతను ఆ స్టాండ్లని చూస్తున్నాడు. తను ప్రాణంలా కాపాడుకొస్తున్న బావ పద్ధతి. అందులో బావది ఒక్క అంగుళం కూడా లేదు.

"ఎప్పుడూ... కుడిచేత్తో వాయించలేదా మరి?"

"ఒక్కసారి. నువ్వు తోళ్లు కొనడానికి వెళ్లావు. గదిలో ఎవరూ లేరు. అన్నీ తిప్పుకుని వాయించాడు, నా కోసం."

"ఎలా ఉంది?"

"అడక్కు" అంది.

అడక్కుండానే అర్థమైంది. ఇన్ని దేశాలు, ఇన్ని మైదానాలు, చేతులెత్తి ఊగిన ఇంతమంది జనం. బావ వాయించగలిగింది వీళ్లెవరూ వినలేదు. తను వినలేదు. అతనికి ఏడుపు రాలేదు. ముందుకి వంగిపోయాడు.

"నిన్ను ఏడిపించడానికి చెప్పలేదు" అంది అక్క, వీపు మీద చెయ్యేసి. "ఈ స్టాండ్లు పట్టుకుని మీ బావని పట్టుకున్నాననుకుంటున్నావు నువ్వు. అది చూడలేక చెప్పాను. లే."

అతను లేచాడు. నిలబడ్డ స్టాండ్లన్నీ పక్కకి తీసి పడుకోబెట్టాడు. జంపఖానా అంచు పట్టి బోర్లా తిరగేశాడు. వెనక వైపు ఏ గుర్తూ లేదు. దాని మధ్యలో స్టూలు పెట్టి, జీవితంలో మొదటిసారి దాని మీద తను కూర్చున్నాడు. కూర్చుని కుడిచెయ్యి ఎంతవరకూ వెళ్తుందో చూసుకుని, అక్కడ ఒక స్టాండు. ఎడమచెయ్యి చాపి, అక్కడొకటి. కొత్తగా పని నేర్చుకునేవాడిలా రెండుసార్లు ఊడదీసి మళ్లీ బిగించాడు.

పాటగాడు గొంతు సవరించుకుంటూ వచ్చి ఆగాడు. "అమ్మయ్య! ఇవాళైనా కుదిరింది బామ్మర్దికి."

"తప్పు నాదే అన్నా. మొదటి రోజు నుంచీ నాదే" అన్నాడు అతను, చేతిలో పానాతోనే. అంతా చెప్పేశాడు. బొమ్మ సంగతి, స్టూలు వెనక నిలబడిన సంగతి, సాగనంపుతానన్న మాట సంగతి, తలుపేసుకున్న గది సంగతి. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పాటగాడు అక్క వైపు చూశాడు. ఆవిడ తలూపింది. పాటగాడు నెమ్మదిగా స్టేజీ అంచు మీద కూర్చుండిపోయాడు.

"నా వెనక కూర్చుని... ఇన్నేళ్లూ..." అన్నాడు. "ఆ రోజు తెలిసుంటే నిన్ను పంపించేసేవాణ్ణేరా. నిజంగా పంపించేసేవాణ్ణి."

"తెలుసన్నా."

"అంత మాట నేనన్నట్టు కూడా గుర్తులేదు నాకు."

కొత్త పిల్ల వచ్చి కూర్చుంది. చెయ్యి చాపింది, తాళం తగిలింది. "అయితే పదండి" అంది.

బామ్మర్ది అలవాటు చొప్పున తన చోటుకి వెళ్లబోయి ఆగిపోయాడు. కర్ర జారితే చప్పున అందించడానికి ఎప్పుడూ నిలబడే ఆ మూల ఇప్పుడు పెద్ద తాళం స్టాండు ఉంది. తను నిలబడాల్సింది ఇక అవతలి పక్క. అదనపు కర్రలు గుప్పిట పట్టుకుని డ్రమ్ముల వెనకగా చుట్టూ తిరిగి వెళ్తుండగా, సగం దారిలో ఆమె మొదటి దెబ్బ కొట్టింది. అతను నిలువునా ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో డ్రమ్ము చప్పుడుకి ఉలిక్కిపడటం అదే మొదలు. రెండో దెబ్బ పడేలోగా అవతలి పక్కకి చేరి నిలబడ్డాడు.