వరండా దాటి వచ్చిన డాక్టరమ్మ

ల్యాబు డాక్టరమ్మ పోయారన్న కబురు సోమవారం పొద్దున, నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుండగా వచ్చింది. బస్సు కండక్టరు బడి గుమ్మం దగ్గరే నిలబడి, "టీచరమ్మా, పేరు చెప్పే డాక్టరమ్మ చనిపోయినారంట. నాలుగు రోజులుగా జ్వరమంట. మీకు చెప్పమన్నారు" అన్నాడు. పిల్లల్ని పక్క తరగతిలో కూర్చోబెట్టి అదే బస్సెక్కాను. చిట్టమూరు నుంచి పట్నం చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరిమీద అన్నది మొదటి నుంచి చెబితేగాని అర్థం కాదు.

ఆమె పాథాలజిస్టు. ఒంట్లోంచి తీసిన రక్తాన్నీ, కోసి తీసిన కండ ముక్కనీ మైక్రోస్కోపు కింద పెట్టి, జబ్బు ఏమిటో తేల్చే డాక్టరు. ఆమె గది పట్నం ఆసుపత్రి వెనక, శవాల గదిని ఆనుకుని ఉండేది. పదేళ్ల కిందట అక్కడికి వచ్చే రోగుల్లో ఆమెను చూసినవాళ్లు లేరు. అలాంటి డాక్టరు ఒకరుంటారనే తెలియదు. మా అక్కకూ తెలియదు.

మా అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. వరినాట్లు అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఆసుపత్రిలోనే పెద్ద సర్జను గడ్డ తీసేసి, వారం వార్డులో ఉంచి, "కొవ్వుగడ్డమ్మా, భయం లేదు. ఇంటికి పో" అన్నాడు. అక్క ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చింది. ఆరు నెలలకు చంకలో గడ్డ. మళ్లీ తీసుకుపోతే, చేయి దాటిపోయిందన్నారు. ఆ వేసవిలోనే పోయింది.

కర్మకాండలు అయ్యాక ఒక నర్సమ్మ నాతో రహస్యంగా అన్నది: "మీ అక్క రిపోర్టు అప్పుడే వచ్చింది తల్లీ. ఆయన టేబులు మీద పెట్టింది నేనే. అందులో ఏముండిందో నాకు తెలీదు."

నేను నేరుగా ల్యాబు గదికి పోయాను. సన్నటి మనిషి, వేళ్ల కొసలు రంగుమందులతో ఊదాగా మారిపోయి ఉన్నాయి. ఆ చేతులతోనే మజ్జిగన్నం గిన్నె పక్కకు జరిపి, అక్క పేరు అడిగి, రిజిస్టరు తీశారు. వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"క్యాన్సరు. ఆపరేషను అయిన నాలుగో రోజే రాశాను. పంపాను" అన్నారు.

"పంపితే అయిపోయిందా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ గదికీ ఆడోళ్ల వార్డుకూ నడుమ ఒక వరండా ఉండాది. ఒక్కసారి నడిచి వచ్చి, ఏమే, నీకు ఈ జబ్బు అని మా అక్కకు చెప్పలేకపోతిరా?"

ఆమె తనను తాను సమర్థించుకోలేదు. నేను తిట్టినంతసేపూ నిలబడే విన్నారు. చివరికి, "మీ అక్క ఎట్లా ఉండేది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను కూలబడి ఏడ్చాను. పాట బాగా పాడేదనీ, నల్లగా పొడుగ్గా ఉండేదనీ, ఎవరి పొలంలో నాట్లయినా అందరికన్నా ముందు దిగేదనీ చెప్పాను.

మా బావ అప్పటికే ఆ సర్జను ఇంటి గేటు దగ్గర కాపు కాయాలని చూస్తున్నాడు. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పాను. "వానిని నరికినా పాపం లేదు డాక్టరమ్మా" అన్నాను.

"కొడితే మీ బావ జైలుకు పోతాడు. ఆయన తలకు కట్టు కట్టించుకుని పెద్దమనిషిగా తిరుగుతాడు. తొందరపడకండి. ఆయన నోటితోనే చెప్పిస్తాను" అన్నారామె. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లు చూసి, ఈమెకు కూడా నాలాగే మండుతోందని తెలుసుకున్నాను.

మరుసటి వారం నుంచే ఆమె వరండా దాటడం మొదలుపెట్టారు. రిపోర్టు ఇక బంట్రోతు చేతికి ఇవ్వలేదు. తానే పట్టుకుని మంచం దగ్గరికి పోయి, రోగికి తెలుగులో చెప్పి, కేసు షీటు మీద తన సంతకం పెట్టి వచ్చేవారు. సీసాలో ముక్క వస్తే, "ఎవరిది? ఏ ఊరు? ఏం పని చేస్తుంది?" అని అడిగి రాసుకోనిదే మూత తీసేవారు కాదు. వార్డులో మొదటిసారి ఎదురుపడినప్పుడు సర్జను అందరూ వినేట్టు, "శవాలను వదిలేసి ఇట్లా వచ్చినారే?" అని నవ్వాడట. "నేను చూసేవి ఎక్కువ బతికున్నవాళ్లవేనండీ. వాళ్లు అట్లాగే ఉండాలని వచ్చాను" అన్నారట ఈమె. నర్సమ్మ ఆ మాట నాకు చెప్పినప్పుడు రెండు పూటలు కడుపునిండా అన్నం తిన్నాను.

ఆసుపత్రి పెద్దను అడిగి బుధవారాలు ఒక గంట హాలు తీసుకున్నారు. డాక్టర్లందరూ వచ్చి స్లైడ్లు చూసి మాట్లాడుకోవాలని. మొదటి నెలంతా ఖాళీ కుర్చీలే. ఆమె మాత్రం మైక్రోస్కోపు తుడిచి పెట్టుకుని గంటసేపూ కూర్చునేవారు. తర్వాత కుర్ర డాక్టర్లు ఒకరిద్దరు వచ్చారు, వాళ్లను చూసి మరికొందరు. రాకపోతే చిన్నతనంగా ఉంటుందని చివరకు సర్జను కూడా వచ్చాడు. ఆ వారమే నాకు కబురు పెట్టారు: "బుధవారం రండి. వెనక బెంచీలో కూర్చోండి. మాట్లాడొద్దు."

ఆ రోజు ఆమె ఒక స్లైడు పెట్టి, పేరు చెప్పకుండా, "పెద్దవారు, మీరే ముందు చూడాలి" అని సర్జనును పిలిచారు. ఆయన కళ్లద్దాలు తీసి చూశాడు. "ఇందులో ఆలోచించేదేముంది? క్యాన్సరే. ఎవరైనా చెప్తారు" అన్నాడు.

"ఈ రోగికి ఏం చెప్పారో చదవమంటారా?" అని కేసు షీటు తీశారు. కొవ్వుగడ్డ, ఇంటికి పంపవచ్చు, అని ఆయన చేతిరాత. రిపోర్టు ఆయన టేబులు మీదికి చేరిన తేదీ కూడా చదివారు. తర్వాత మా అక్క పేరు. ఆయన మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగితే నేను కనిపించాను. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన చెమట చెవి పక్కనుంచి కారి కాలరులోకి దిగడం చూశాను. ఆ దృశ్యం ఇప్పటికీ నాకు తీపిగానే ఉంది. అట్లా ఉండకూడదని చెప్పేవాళ్లు చెప్పుకోవచ్చు.

కానీ డాక్టరమ్మ అక్కడితో ఆపలేదు. "తప్పు ఆయన ఒక్కరిదే కాదు. కాగితం పంపి నేను ఊరుకున్నాను. పంపడమే చెప్పడం అనుకున్నాను" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా శత్రువు మోయవలసిన బరువులో సగం ఆమె ఎత్తుకున్నట్టు అనిపించింది. దానికి ఆమెను రెండేళ్లు క్షమించలేకపోయాను. ఆ మాటా ఆమెతో అనేశాను. "క్షమించొద్దులెండి, వచ్చిపోతూ మాత్రం ఉండండి" అన్నారు.

రిపోర్టు చదివి చెప్పందే రోగిని ఇంటికి పంపకూడదని ఆ తర్వాత ఆసుపత్రిలో నియమం పెట్టారు. సర్జనుకు ఏ శిక్షా పడలేదు. గౌరవంగానే రిటైరయ్యాడు. ఆయన పేరు ఎక్కడైనా రాస్తానంటే ఆమె ఎప్పుడూ వద్దనేవారు. ఆమె మాట మీదే ఇక్కడా రాయడం లేదు.

సెలవు రోజుల్లో మైక్రోస్కోపును చెక్కపెట్టెలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వాకాడు వైపు వచ్చేవారు. నేనూ కలిసేదాన్ని. చేపల రేవులో ఆడవాళ్లను కూర్చోబెట్టి, తన వేలే గుచ్చుకుని రక్తం చూపించేవారు. "మందిచ్చే డాక్టరును కాదమ్మా నేను. జబ్బు పేరు చెప్పేదాన్ని. మీ గడ్డ తీసినాక దాని పేరేంటని అడగండి. చెప్పందాకా కదలొద్దు" అనేవారు. అప్పటినుంచే పేరు చెప్పే డాక్టరమ్మ అయ్యారు. చేపలమ్మే ఒకావిడ ఆ మాట పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద రెండు రోజులు బైఠాయించిందట. సమయానికి తెలిసింది, బతికింది. ఆవిడను చూసినప్పుడల్లా సంతోషంతో పాటు మా అక్క గుర్తొచ్చి కోపమూ వస్తుంది. ఆ రెండూ నాలో విడిపోలేదు.

సోమవారం నేను పోయేసరికి డాక్టరమ్మ ఇంటి ముందు సందంతా ఆడవాళ్లే. వాకాడు నుంచి, చిట్టమూరు నుంచి, బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చినవాళ్లు. చేపల వాసన, చీరల అంచులకు బురద. చేపలమ్మే ఆవిడ డాక్టరమ్మ పాదాల దగ్గర కూర్చుని ఉంది. కాసేపటికి సందు చివర కారు ఆగింది. ఆ సర్జను దిగాడు. బాగా ముసలివాడయ్యాడు. పెద్ద గులాబీల దండ రెండు చేతులతో పట్టుకుని, "కొంచెం దారియ్యండమ్మా, నేను డాక్టరును" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయనెవరో వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. వాళ్లు వాళ్ల దుఃఖంలో ఉన్నారు. ఆయనకూ ఆమెకూ మధ్య నిలబడ్డవాళ్లలో చివరి మనిషిని నేనే. ఆయన నన్ను గుర్తుపట్టాడు. నేను తప్పుకుంటే దారి వచ్చేది.

నేను తప్పుకోలేదు. పాడె లేచేదాకా ఆయన ఎండలో అట్లాగే నిలబడ్డాడు. దండలోని గులాబీ రేకులు ఒక్కొక్కటీ ఆయన చెప్పుల మీద రాలుతున్నాయి.