"మంచిగనే ఉన్న" అన్న మా మేనత్త

కోరుట్లలో మా మేనత్త పోయింది. నేను సిరిసిల్లలో చాయ తాగుతుండగా మామ ఫోన్ చేసి, "మీ అత్త ఇగ లేదురా" అన్నాడు. జగిత్యాల దవాఖానకు చేరేలోపే షుగర్ పడిపోయిందట. తిన్నది కడుపులోనే ఆగిపోయింది, ఇన్సులిన్ సూది మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

బీడీలు చుడుతూ, నేను తెచ్చిన ప్రతి సంఘం కరపత్రాన్ని నాతో చదివించుకున్న మనిషి ఆమె. "మంచిగున్నది, కని జెర అరవకుండ చదువు అల్లుడా" అనేది.

ఏళ్ల తరబడి షుగర్ ఆమె కడుపును కదలకుండా చేసింది. పొద్దున తిన్నది రాత్రికి కూడా దిగేది కాదు, వాంతి అయ్యేది. పట్నంలో ఒక దవాఖాన ఇలాంటివాళ్ల మీద పరిశోధన చేస్తోందని చదివి నేనే ఒప్పించాను.

"నీ ఒక్కదాని కోసం కాదు అత్తమ్మా, నీలాంటోళ్లందరి కోసం."

"గట్లయితే పోదాం పా. నా కడుపు గూడ ఒకలకు పనికొస్తదంటే అంతకన్న ఏంది."

అక్కడ ఇడ్లీ తినిపించి, అది కడుపులోంచి ఎప్పుడు కదులుతుందో గంటగంటకు ఫొటోలు తీశారు. "మీ మామ లెక్కనే, కూసుంటే లేవదు" అని నవ్వింది. నోట్లోంచి గొట్టం పంపి, కడుపు చివర బిగుసుకున్న కండరాన్ని కోశారు. కొన్నాళ్లు అన్నం దిగింది. మళ్లీ మొదటికొచ్చింది. ఫోన్ చేసి కనుక్కుంటామని, బాగాలేదంటే పిలిచి ఇంకోసారి చూస్తామని వాళ్లు ముందే చెప్పారు.

ఎవరూ పిలవలేదు. ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఫోన్ వచ్చిందా అని అడిగితే, "అచ్చింది, చెప్పిన. పిలుస్తరట" అనేది. పేదోళ్లను వాడుకొని వదిలేశారని నేను ఊరంతా తిరిగి తిట్టాను. ఆమె నా కంచంలో ఇంకింత అన్నం వేసి, "కడుపు నడిచేటోడు తినాలె. తిన్నంక లొల్లి పెట్టుకో" అనేది.

మూడో రోజు అత్త పేరు మీద పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక మామ అసలు సంగతి చెప్పాడు. "ఆ దవాఖాన పోరి ఫోన్ చేసినప్పుడల్ల మీ అత్త 'మంచిగనే ఉన్న బిడ్డా, నువ్వు తిన్నవా' అనేది. కక్కుకునే బకెట్‌ను కాలుతోని మంచం కిందికి నూకేది, పోరికి కనవడ్తదేమో అన్నట్టు."

"నువ్వన్న చెప్పకపోతివి మామా."

"అంత దూరంకెల్లి మంచిగున్నవా అని అడిగినోళ్లకు బాగలేనని ఎట్ల చెప్తరురా? మనింట్ల ఎవలన్న చెప్పిన్రా?"

వాళ్లు మాటను నమ్మారు, మనిషిని ఒక్కసారి పిలిచి తూకం చూడలేదు. అది వాళ్ల ద్రోహం. అత్తది ఇంకా పెద్దది. ఆ పరిశోధన లెక్కల్లో ఆమె నయమైన మనిషి. ఆమె మాట నమ్మి రేపు ఇంకెవరికో ధైర్యం చెబుతారు. అందరి కోసం పోదామన్న మనిషి అందరికీ అబద్ధం చెప్పి పోయింది. నాకూ చెప్పింది. అన్నం పెట్టిన చేయి గుర్తొస్తుంది, కోపం పోదు.

నిన్న ఆమె మంచం మీద కూర్చొని ఉంటే ఆమె ఫోన్ మోగింది. అదే అమ్మాయి. "అమ్మా, ఎట్లున్నరు?"

అత్త పోయిందని, ఆమెకు ఎప్పుడూ నయం కాలేదని, అట్లనే రాసుకోమని చెప్పాను. తిట్టడానికి దాచుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అవతల ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు. ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

"మీరందరు ఎట్లున్నరన్నా?"

"మంచిగనే ఉన్నం" అన్నాను. కాలు వెనక్కి జరిపితే మంచం కింద బకెట్ తగిలింది.