దిద్దిన మేక కాలు

ఆ రోజు నేను అడగకుండానే పరాయివాడి పుస్తకంలో పెన్సిల్ పెట్టాను. నేను డ్రాయింగు మాస్టరును. మంచిర్యాల స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న బొగ్గుబాయి కూలీ, తన దోస్తులు గీసిన బొమ్మల పుస్తకం చూపించాడు.

"నవ్వకుండ్రి సారూ, మావోళ్లకు తట్ట, పార తప్ప ఏం తెల్వది."

ఒక మేకకు కాలు వంకరగా ఉంది. బడిలో అలవాటు కొద్దీ దిద్దేశాను.

అతను ఆ కాలు మీద వేలు పెట్టాడు. "గిది గీసినోడు పోయిన నెల బాయిల సచ్చిపోయిండు సారూ. వాళ్లవ్వకు సూపెడుదామని తీస్కపోతున్న."

చెరపబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సారూ, వాని గీత గూడ పోతది."

రైలొచ్చింది, అతను వెళ్లిపోయాడు.

తర్వాత, రిటైరయ్యేదాకా ఏ పిల్లవాడి బొమ్మ మీదా గీత పెట్టలేదు. తప్పుంటే వేరే కాగితం మీద గీసి చూపించేవాణ్ణి.