కిటికీలోంచి పోయే వేడి

ఎల్వీరా ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా ఊరి రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుంది. ఆలస్యమైన ప్రతి రైలుకూ ఊరిజనానికి క్షమాపణ చెప్పింది ఆవిడే. తనది కాని తప్పుకు తిట్లు తినడం అలా ఒంటపట్టింది కాబట్టే మా అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షురాలిగా సరిపోయిందని నేను అంటూ ఉండేదాన్ని. ఆ మాట ఆవిడకు నచ్చేది కాదు.

మాది సోవియట్ కాలంలో సిమెంటు పలకలు పేర్చి కట్టిన ఐదంతస్తుల బిల్డింగు. లిథువేనియాలో ఏ ఊళ్ళో దిగినా ఇలాంటివే కనబడతాయి. చలి కాచుకోవడానికి ఎవరింట్లోనూ సొంత పొయ్యి లేదు. ఊరి చివర వేడి సరఫరా కంపెనీవాళ్ళు చెక్కముక్కలు కాల్చి నీళ్ళు మరగబెడతారు. ఆ నీళ్ళు భూమిలో వేసిన గొట్టాల గుండా మా నేలమాళిగలోకి వచ్చి, పైకెక్కి, ఒక్కో ఇంటి రేడియేటరునూ వేడిచేసి, చల్లారి వెనక్కి పోతాయి. బిల్లు మాత్రం బిల్డింగు మొత్తానికీ ఒకటే. ఇంటి వైశాల్యాన్ని బట్టి పంచుతారు. ఎవరు ఎంత వాడారో దేవుడికి కూడా తెలియదు.

వచ్చిన చిక్కంతా అక్కడే. మధ్య వరస ఇళ్ళు కుంపట్లు. మూలనున్న ఎల్వీరా ఇంట్లో గోడలకు చెమ్మ పట్టి నల్లటి మచ్చలు వచ్చేవి. మధ్య వరసలోనే మూడో అంతస్తులో జెనోనస్ అనే రిటైర్డ్ డ్రైవరు నడి జనవరిలో బనియను మీద తిరిగేవాడు. ఆయన కిటికీ ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది.

ఒకరోజు ఎల్వీరా మంచులో నిలబడి కిందినుంచే కేకేసింది. స్టేషన్ గొంతు కదా, వీధంతా వినబడింది.

"జెనోనస్‌గారూ, కిటికీ మూయండి. మా అందరి డబ్బుతో కాకులను వెచ్చబెడుతున్నారు."

"ఉక్కపోస్తోందమ్మా. నన్నేం చెయ్యమంటావు?"

"రేడియేటరు కట్టేయండి."

"కట్టడానికి దానికి చెవి ఉంటే కదా? వచ్చి చూసుకో."

ఆయన చెప్పిందీ నిజమే. మా పాత రేడియేటర్లకు తగ్గించే వీలే లేదు.

ఆ ఏడే గ్యాసు ధర ఆకాశానికి ఎక్కింది. మా కంపెనీ కాల్చేది చెక్క కాబట్టి మనకేం భయం లేదనుకున్నాం. కానీ పొరుగు దేశం నుంచి చెక్క రావడం ఆగిపోయింది. ఉన్న చెక్క కోసం అందరూ ఎగబడ్డారు. బిల్లు చూసి జనం ఎల్వీరా తలుపు బాదారు. కింది అంతస్తు పళ్ళ డాక్టరు ఏకంగా గొట్టం కోసేసి, తనింటికి కరెంటుతో వేడినిచ్చే సొంత హీట్ పంపు పెట్టుకుంటానన్నాడు.

ఆయన తరఫున ఎల్వీరా మునిసిపాలిటీకి వెళ్ళింది. కుదరదన్నారు. మా వీధి ఊరి వేడి ప్రణాళికలో ఉంది, ఒక్కొక్కరే విడిపోతే గొట్టాల ఖర్చంతా మిగిలినవాళ్ళ నెత్తిన పడుతుందన్నారు. ఆ సంగతి తిరిగొచ్చి చెబితే, డాక్టరు ఆవిడతో మాట్లాడడమే మానేశాడు.

సరే, విడిపోవద్దంటే బాగుచేసుకుందాం అనుకుంది ఎల్వీరా. వేడి బయటికి పోకుండా గోడలకు దళసరి పొర తొడిగి, కొత్త గొట్టాలు వేసి, ప్రతి రేడియేటరుకూ వాల్వూ మీటరూ పెడితే ఎవరి వేడి వాళ్ళదే, ఎవరి బిల్లు వాళ్ళదే. ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. సగానికి మించి ఇళ్ళవాళ్ళు ఒప్పుకోవాలి. మీటింగుకు రానివాళ్ళు ఒప్పుకోనట్టే లెక్క. తోడుకు నన్ను తీసుకుని కంపెనీకి వెళ్ళింది. అక్కడ తౌత్వీదస్ అనే కుర్ర ఇంజనీరు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు.

"మంచి ఆలోచనేనండీ. మీ వాడకం బాగా తగ్గుతుంది," అన్నాడు. "అయితే ఒక్క మాట. ఊళ్ళో అందరూ తగ్గిస్తే యూనిట్ ధర పెరుగుతుంది."

"తక్కువ వాడితే ధర పెరుగుతుందా?"

"గొట్టాలు, పంపులు, మనుషుల జీతాలు అలాగే ఉంటాయి కదండీ. ఆ ఖర్చు తక్కువ యూనిట్ల మీద పడుతుంది. పైగా ధర మా చేతిలో లేదు. మేము లెక్కలు పంపుతాం, ప్రభుత్వ ధరల నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది."

"అయితే ఎక్కువ వాడితే తగ్గుతుందన్నమాట."

"కొంచెం తగ్గొచ్చండీ."

"మరి జెనోనస్‌కు సన్మానం చేయండి, బాబూ," అని లేచింది ఎల్వీరా. ఆయనెవరో ఆ అబ్బాయికి అర్థం కాలేదు.

ఓటింగు అయ్యేలోపు ఉన్న వేడినైనా సమంగా పంచాలని ప్లంబరును పిలిపించింది. అతను నేలమాళిగలో ఏ వరస గొట్టానికి ఎంత నీరు వెళ్ళాలో అంతకు దాని వాల్వు తిప్పి పెట్టాడు. నా జన్మలో మొదటిసారి ఎల్వీరా ఇంట్లో నా వేళ్ళు కొంకర్లు పోలేదు. ఆ సుఖం వారం కూడా నిలవలేదు. మళ్ళీ మధ్య వరస కుంపటి, మూల ఇల్లు మంచుగడ్డ. ప్లంబరు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అదే కథ.

నేలమాళిగలో అందరికీ బంగాళాదుంపలూ ఊరగాయ జాడీలూ దాచుకునే అరలున్నాయి. కాబట్టి తాళంచెవి అందరి దగ్గరా ఉంటుంది, ఎవరైనా దిగి వాల్వు తిప్పేయొచ్చు. ఎల్వీరా ఒక కుర్చీ దింపించి వాల్వుల పక్కనే అల్లిక పట్టుకుని కూర్చుంది. అల్లం టీ ఇద్దామని నేను దిగేసరికి జెనోనస్ ఖాళీ బుట్టతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"దుంపలకొచ్చాను," అన్నాడు.

"దుంపలకు పానా ఎందుకు?"

ఆయన బుట్టలోని పానా వంక చూశాడు. అబద్ధం ఆడలేదు.

"నేను పుట్టింది సైబీరియాలో, ఎల్వీరా. సోవియట్ వాళ్ళు మా అమ్మానాన్నల్ని పశువుల రైలుపెట్టెలో ఎక్కించి అక్కడికి తీసుకుపోయారు. నాకో చెల్లెలు ఉండేది. చలికే పోయింది. అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది, చచ్చేదాకా చల్లటి ఇంట్లో పడుకోనని."

ఎల్వీరా అల్లిక ఆపలేదు.

"సైబీరియా నీ ఒక్కడిదేనా? మా నాన్నా అక్కడినుంచే వచ్చాడు. చలి ఎలా ఉంటుందో తెలిసినవాడు పక్కింటివాళ్ళను చలిలో పెడతాడా? అదీ కిటికీ తెరుచుకుని."

"ఉక్కపోతకు ఊపిరాడదు. మూసుకుంటే ఉడికిపోతాను."

"అదే కదయ్యా నేను మొత్తుకునేది. ఇంటికో వాల్వు పెడతామంటే వద్దంటావు."

"కొత్త వాల్వు పెట్టాక మీరే ఎక్కడినుంచో తగ్గించేస్తే?"

అప్పుడు ఎల్వీరా సూదులు ఒళ్ళో పెట్టింది. ఇన్నాళ్ళూ ఆయన మొండితనం అనుకున్నది భయమని ఆవిడకు అప్పుడే తెలిసినట్టుంది. కానీ జాలి చూపలేదు. "నీ వాల్వు నీ చేతిలో ఉంటుంది. చివరిదాకా తిప్పుకో, బిల్లూ నువ్వే కట్టుకో. నీ ఇంటిని ఎవరూ తాకరు," అంది. జెనోనస్ దుంపలు కూడా తీసుకోకుండా పైకెళ్ళిపోయాడు.

మీటింగుకు ఆయన వచ్చి చెయ్యెత్తాడు. పళ్ళ డాక్టరు రాలేదు. బొటాబొటిగా నెగ్గాం. ఆ తర్వాతి వేసవంతా దుమ్ము, డ్రిల్లింగు మోత, ఎల్వీరా తలుపు మీద గుద్దులు. బాల్కనీ రంగు నచ్చలేదని ఒకరు, పూలకుండీ పగిలిందని ఒకరు. అన్నింటికీ ఆవిడే క్షమాపణ చెప్పింది.

కొత్త చలికాలంలో జెనోనస్ తన వాల్వును ఎల్వీరా అన్నట్టే చివరిదాకా తిప్పాడు. మొదటి బిల్లు రాగానే కాస్త వెనక్కి తిప్పాడు. కిటికీ మూసుకుంది. మొత్తం మీద మా బిల్డింగు వాడకం సగానికి దగ్గరగా పడిపోయింది. ఆ సంతోషం ఇంకా తీరకముందే పేపర్లో వార్త వచ్చింది: ఊళ్ళో వాడకం తగ్గినందువల్ల వేడి యూనిట్ ధర పెంచే ప్రతిపాదన మీద బహిరంగ విచారణ.

ఎల్వీరా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మైకు ఇచ్చారు, అక్కర్లేదంది. "తక్కువ వాడమని మీరే చెప్పారు, వాడాం. ఇప్పుడు తక్కువ వాడినందుకు ఎక్కువ కట్టమంటున్నారు. మేము ఏది వినాలో ఒక్కటి చెప్పండి," అని అడిగింది. వేదిక మీది ఆయన ఆవిడ ప్రశ్న చాలా ముఖ్యమైనదనీ, దాన్ని నమోదు చేసుకున్నామనీ చెప్పి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. "అయినా మన బిల్లు పోయినేటికన్నా తక్కువే కదా," అన్నాను, ఓదార్పుగా.

"తక్కువే," అంది. "తక్కువే కాబట్టి నన్ను ఎవరూ తిట్టరు. తిట్టేంత కోపం లేకపోతే ఆ ధర పెంచేవాళ్ళను అడగడానికి నాతో ఎవరొస్తారు, చెప్పు?"

ఇంటికొచ్చేసరికి పక్క బిల్డింగు అధ్యక్షుడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళూ బాగుచేయించుకోవాలనుకుంటున్నారట, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నాడు. ఎల్వీరా తాళం తీస్తూ ఆయన వంక ఎగాదిగా చూసింది.

"ముందు లోపలికి రండి," అంది. "చెప్పడానికి చాలాసేపు పడుతుంది."