ఆరో గడిలో చుక్క

మా ఊళ్ళో ఏ దుకాణం బోర్డయినా దగ్గరికెళ్ళి చూడండి. కుడివైపు అడుగున గోరంత గుర్తొకటి ఉంటుంది. గుమ్మం లాంటి ఆకారం, దానికి అడ్డంగా రెండు గీతలు, గుమ్మం కింద ఒక చుక్క. చూసినవాళ్ళంతా అది బోర్డుల బాబాయి సంతకం అనుకుంటారు. అనుకోనివ్వండి, ఆయనా కాదనడు. తన పని గొప్పదని ఏనాడూ చెప్పుకోని మనిషికి సంతకం పిచ్చి ఎందుకు పట్టిందో అడిగినవాళ్ళు లేరు.

బాబాయి ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, ఆయన తల్లీ. కంచాలు మాత్రం మూడు. అప్పట్లో మధ్యాహ్నం వడ్డించబోతూ తల్లి పెరటి గుమ్మం వైపు చూసి, "అది కొట్టు మూసిందా?" అని అడిగేది. "మూసేస్తోందమ్మా, వస్తుంది," అనేవాడు బాబాయి. ఆ అబద్ధం ఆయన నోటికి ఎంత అలవాటైపోయిందంటే, చెప్పేటప్పుడు తల కూడా ఎత్తేవాడు కాదు. మూడో కంచం అలాగే ఉండిపోయేది. ఆవిడ నాలుగు మెతుకులు కతికి లేచేది.

అది అంటే బాబాయి చెల్లెలు. చిన్నప్పుడు పెరటి మెట్ల మీద ఇద్దరూ కొట్టు ఆట ఆడేవాళ్ళు. ఎప్పుడూ అదే యజమాని, వీడే గిరాకీ. గోధుమరంగు పొట్లాల కాగితం చింపి, ముక్కముక్క మీదా సుద్దతో ఆ గుమ్మం గుర్తు వేసి, ఇవి మా దేశం నోట్లు అనేది. చుక్కెందుకే అని వీడడిగితే, "అది నేను. గుమ్మంలో కూర్చున్నా. చుక్క లేకపోతే కొట్టు లేనట్టే," అంది. ఒకరోజు తల్లి భోజనానికి పిలిచింది. వీడు పరుగెత్తాడు. కొట్టు మూసి వస్తానంది అది. ఎంతకీ రాకపోతే తల్లి వెళ్ళి చూసింది. మెట్ల మీద కాగితం ముక్కలున్నాయి, సుద్ద ఉంది, పిల్ల లేదు. నూతులు గాలించారు, బళ్ళు ఆపి వెతికారు, కాళ్ళరిగేలా తిరిగారు. ఆ తరవాత ఊరు మరిచిపోయింది. తల్లి మరవలేదు.

చాలా ఏళ్ళ తరవాత బజారులో విదేశీ డబ్బు మార్చే దుకాణం ఒకటి వచ్చింది. యజమాని కుర్రవాడు, వాగుడుకాయ. బోర్డుకి కావలసిన గుర్తులు కాగితం మీద వేసి బాబాయి చేతికిచ్చాడు. బాబాయికి అవన్నీ వట్టి వంకరలు. ఎస్ అక్షరానికి నిలువు గీత కొడితే అమెరికా డాలరట. సి అక్షరానికి అడ్డగీతలు పెడితే యూరో, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే. కొక్కెం వంపు తిరిగినది ఇంగ్లండు పౌండు. డబ్ల్యూకి అడ్డగీతలుంటే కొరియా వాళ్ళది. వై అక్షరానికి గీతలు పెట్టింది జపాను వాళ్ళదీ, చైనా వాళ్ళదీ కూడా. బాబాయి ముక్కున వేలేసుకున్నాడు. ఇంటికో గుమ్మం ఉన్నట్టు దేశానికో గుర్తు ఉంటుందనుకున్నాడు గానీ, ఒకే గుర్తు కింద ఇంతమంది సర్దుకుంటారని ఆయనకేం తెలుసు. మరి గుర్తే లేని దేశాలో అని అడిగాడు.

"బోలెడు ఉన్నాయి, బాబాయ్," అన్నాడు కుర్రవాడు. "మనకి తెలియనంత మాత్రాన అవి లేకుండా పోవుగా."

గుర్తులు అయిదు. బోర్డు మీద గడులు ఆరు, పైన మూడు, కింద మూడు. చివరి గడిలో ఏ పువ్వో గియ్యమన్నాడు యజమాని. ఖాళీ గడి చూస్తే బోర్డులు రాసేవాడి చెయ్యి ఊరుకోదు. పువ్వు గియ్యబోయిన కుంచె గుమ్మం గీసింది, రెండు గీతలు వేసింది, చుక్క పెట్టింది. నిచ్చెన దిగేముందు బాబాయి ఎప్పుడూ చేసేదే చేశాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డ తీసుకుని, జారిన రంగు బొట్లు పోయేలా గుర్తుల అడుగున బరబరా తుడిచేశాడు. అదేం దేశమని కుర్రవాడు అడిగితే, అదీ ఒక దేశమేలే అని ఇంటిదారి పట్టాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున కుర్రవాడి నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. బాబాయి వెళ్ళేసరికి దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. అందరూ మామూలు మనుషులే, చేతుల్లో సంచులు, చంకల్లో మూటలు. కానీ అంతమందిలో ఒక్కరి గొంతూ పైకి లేవడం లేదు. లోపల ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు. యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీద నోట్లు కట్టలుగా పడి ఉన్నాయి. నిజం నోట్ల లాగే అచ్చు వేసినవి, నడుమ గుమ్మం గుర్తు. బాబాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళకు తెల్లటి పొడి అంటింది. సుద్ద.

కుర్రవాడి వాగుడంతా ఎటు పోయిందో, గొణుగుతున్నట్టే అన్నాడు. ఆ గుర్తు ఇప్పుడే చెరిపెయ్యాలట, లేకపోతే బోర్డు పీకి పారేస్తాడట. బాబాయి అదేదీ చెవిన పెట్టలేదు. వరసలో ముందున్న ముసలావిడ దగ్గరికి వెళ్ళి, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగాడు.

"మీరే రాశారుగా, బాబూ, బోర్డు మీద," అంది ఆవిడ.

ఎందుకు వచ్చేస్తున్నారంటే ఆవిడ తన నోటు తిప్పి చూపించింది. ఒక పొద్దున లేచి చూసుకుంటే ఎవరి నోటు మీదా చుక్క లేదట. పరుగున వెళితే కొట్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, గుమ్మంలో పీట ఖాళీగా ఉంది. "ఆ అమ్మ లేని చోట మేమెవరం ఉంటాం? డబ్బు మార్చుకుని తలా ఒక దిక్కూ పోదామని వచ్చాం."

బాబాయి తలెత్తి బోర్డు చూశాడు. ఆరో గడిలో గుమ్మం ఉంది, చుక్క లేదు. రంగు బొట్టనుకుని తన చేత్తోనే తుడిచేశాడు.

"చుక్క పెడితే అది మళ్ళీ గుమ్మంలోకి వస్తుందా?" అన్నాడు.

"వస్తుంది. అప్పుడు మేమిక్కడ ఉండం, బాబూ. మళ్ళీ రాం కూడా."

అదీ ఆయన ముందున్న చిక్కు. చుక్క పెడితే చెల్లెలి కబురు చెప్పగల మనుషులు ఈ భూమ్మీద మళ్ళీ దొరకరు. పెట్టకపోతే అసలు చెల్లెలే లేదు. ఒక్క మాట మాత్రం అడక్కుండా ఉండలేకపోయాడు. ఎలా ఉంటుంది అని అడిగాడు.

"నుదురు అచ్చం మీ పోలికే," అంది ముసలావిడ. "ఎవరో భోజనానికి పిలుస్తారని ఎప్పుడూ ఇటే చెవి పెట్టి ఉంటుంది. లేద్దామనుకునేసరికి ఎవరో ఒకరు బేరానికి వస్తాం. బేరాలు తెగక రాలేకపోతోంది, బాబూ."

బాబాయి ఒక చేత్తో కిరసనాయిలు గుడ్డ, ఒక చేత్తో కుంచె పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కింద నుంచి కుర్రవాడు తుడవమంటున్నాడు. గుడ్డ జారవిడిచి, గుమ్మం కింద చుక్క పెట్టాడు. దిగి చూసేసరికి వరస వరసంతా వెనక్కి తిరిగి నడిచిపోతోంది, పొద్దుగూకి ఇళ్ళకు పోతున్నవాళ్ళలాగే తాపీగా. అందరికన్నా వెనక ముసలావిడ. ఆవిడ సందు మలుపు తిరిగాక బల్ల వైపు చూశాడు. అక్కడ చింపిన గోధుమరంగు కాగితం ముక్కలు తప్ప ఏమీ లేవు. కుర్రవాడు ఆ గుర్తు ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడాదే దుకాణం ఎత్తేశాడు, బోర్డు పాతసామాన్ల కొట్టుకి పోయింది. అప్పటికే బాబాయి తను రాసే ప్రతి బోర్డు మూలా ఆ గుర్తు వెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి తుప్పు పట్టినా ఇంకొకటి ఉంటుందని. ఆ మూలకి మాత్రం గుడ్డ తగలనివ్వడు.

చుక్క పెట్టిన రోజు ఆయన ఇంటికి వెళ్ళేసరికి తల్లి మూడు కంచాలూ పెట్టింది. పెరటి గుమ్మం వైపు చూసి ఎప్పటిలాగే అడిగింది, అది కొట్టు మూసిందా అని.

"లేదమ్మా," అన్నాడు. "బేరాలు తెగలేదట. నువ్వు పిలిస్తే వినపడుతుందట."

తల్లి గోడ పట్టుకుని లేచి, పెరటి తలుపు తీసి, ఖాళీ మెట్ల వైపు తిరిగి పిలిచింది.

"అమ్మలూ, తొందరేం లేదు. బేరం చూసుకునే రా."

మూడో కంచం మీద మూత పెట్టి, తన కంచం ముందు కూర్చుని, కడుపునిండా తింది.