ఉన్నావా?

మా బావ లిఫ్టు మెకానిక్కు. నేను ఆయన కింద పనిచేస్తాను, పైగా ఆయన భార్యకి తమ్ముణ్ణి. అంటే పనిలోనూ ఇంట్లోనూ తిట్లు తినే ఉద్యోగం నాది.

మా పనిలో ఒక కేక ఉంది. ఒకరు మేడమీద మోటారు గదిలో ఉంటే ఇంకొకరు అడుగున, లిఫ్టు పెట్టె కింద, గుంతలో ఉంటారు. స్విచ్చి వేసేముందు పైవాడు "ఉన్నావా?" అని అరవాలి. కిందవాడు లోపలుంటే "ఉన్నా" అనాలి. బయటపడ్డాక "వచ్చేశా" అనాలి. ఆ మాట వినపడేదాకా చెయ్యి స్విచ్చి మీదికి పోకూడదు. చెవి మెలిపెట్టి మరీ నాకిది నేర్పింది బావే. ఎన్నో ఏళ్ళు గుంతలో నిలబడి "ఉన్నా" అని పలికినవాడు ఆయన.

అలాంటి మనిషి ఒకరోజు అడగలేదు. నేను గుంతలో గ్రీజు పూస్తుంటే నెత్తిమీద పెట్టె కదిలింది. బోర్లా పడ్డాను కాబట్టి బతికాను. చొక్కా వీపుమీద చిరిగిపోయింది. మెట్లెక్కి పైకి పోయి చూస్తే బావ స్టూలుమీద జోగుతున్నాడు. పట్టపగలు గది గదంతా మందు వాసన గుప్పుమంటోంది.

"నీకు బుద్ధుందా బావా? అడగవా?"

"అడిగాను కదరా! వచ్చేశా అన్నావు."

నేననలేదు. అమ్మతోడు, అనలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి అక్కకి చెబితే ఆవిడ తల పైకెత్తకుండా, "పరధ్యానంలో నువ్వే అనేశావేమోరా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సంగతి బయటికి పొక్కితే మొగుడి ఉద్యోగం ఊడుతుందని ఆవిడ భయం. మరి నా ప్రాణం? చొక్కా విప్పి వీపు చూపించాను. ఏడ్చింది గానీ మాట మార్చుకోలేదు.

అప్పుడు బావతో తెగేసి చెప్పాను. "తాగుడు మానేవాళ్ళ మీటింగుకి రా. రానంటావా, రేపే సూపర్వైజరుకి చెప్పేస్తా. వచ్చినా సరే, నిన్ను నమ్మేదాకా గుంతలో కాలు పెట్టను."

ఆ మీటింగు సంగతి మాకు కొత్తేం కాదు. మేం చూసుకునే ఒక ఆస్పత్రి లిఫ్టులో కాగితం అంటించి ఉంటుంది. 'తాగుడు మానలేకపోతున్నారా? మేమూ అంతే. ఫోన్ చేయండి.' అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ బావ ఆ కాగితానికి వీపు పెట్టి నిలబడేవాడు. నేనే ఫోన్ చేశాను. ఎత్తినాయన పేరు కూడా అడగలేదు. "మీకా, మీవాళ్ళకా?" అన్నాడు. మా బావకన్నాను. "తీసుకురండి బాబూ, మీరూ కూర్చోవచ్చు" అన్నాడు.

తీరా వెళ్తే ఆయన చెప్పిన తలుపుకి తాళం. బావ మొహం వెలిగిపోయింది. "చూశావా, దేవుడికే ఇష్టం లేదు. పద ఇంటికి." వాచ్‌మన్ ఊరుకుంటే కదా! వాళ్ళు ఆ పొద్దున్నే వెనకవీధిలో లైబ్రరీ మేడమీదికి మారారన్నాడు. ఆ వీధికి వెళ్ళాలంటే బారు ముందునుంచే పోవాలి. సరిగ్గా అక్కడే బావకి చెప్పు ఊడింది. వంగి సర్దుకుంటాడు, సర్దుకుంటాడు, ఎంతకీ లేవడు. చూపు మాత్రం లోపలికే ఉంది. భుజం పట్టుకుని లేవదీశాను. ఒళ్ళంతా వణుకుతోంది పాపం. తిడదామని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. బావ చిట్టచివర, తలుపు పక్కన కూర్చున్నాడు. మిషను సొరుగులో సీసా దాచుకున్న టైలరు మాట్లాడాడు. ఒక టీచరమ్మ మాట్లాడి కళ్ళు తుడుచుకుంది. బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. గండం గడిచింది, ఇక జారుకుందామన్నట్టు కాళ్ళు చెప్పుల్లో దూర్చాడు.

మీటింగు నడిపే పెద్దాయన ఒకప్పుడు బస్సు కండక్టరు. ముగించబోతూ, బస్సులో అరిచినట్టే గట్టిగా అరిచాడు. "ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నా!"

గది దద్దరిల్లింది. అరిచింది మా బావే. గుంతలో అలవాటైన నోరు, అడగ్గానే పలికేసింది. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో నవ్వారు.

"రండి, చెప్పండి" అన్నాడు కండక్టరు.

బావ లేచాడు. తలుపు వైపు చూశాడు. ఇక పారిపోతాడనుకున్నాను.

"అది... అలవాటుగా వచ్చేసిందండీ. మా పనిలో లోపల మనిషున్నాడా అని అడిగి స్విచ్చి వేయాలి." నావైపు చూశాడు. "మొన్న నేను అడగలేదు. వీడు లోపలున్నాడు. అడిగానని అబద్ధం చెప్పాను. వీణ్ణే అబద్ధాలకోరుని చేశాను."

అందరిముందూ భోరుమన్నాను, ఏం దాచను? కోపమో, ఏడుపో నాకే తెలియలేదు. ఇంటికి వెళ్ళగానే అదే మాట అక్కతోనూ అన్నాడు.

ఆ తర్వాత కూడా నేను చాన్నాళ్ళు గుంతలోకి దిగలేదు. ఆయనే దిగాడు, నేను పైనున్నాను. బావ మీటింగులకి వెళ్ళడం మాత్రం మానలేదు. చివరికి ఒకరోజు, "ఇవాళ నేను దిగుతా" అన్నాను. బావ మెట్లెక్కాడు.

అదే గుంత, అదే పెట్టె నెత్తిమీద. పైనుంచి కేక వినపడింది. "ఉన్నావా?"

నేను పలకలేదు. కావాలనే పలకలేదు. ఎందుకైనా మంచిదని బోర్లా పడుకున్నాను.

"ఒరేయ్, ఉన్నావా?"

పళ్ళు బిగించాను. పెట్టె కదల్లేదు. అరుపు కూడా ఆగిపోయింది. కాసేపటికి మెట్లమీద టపటపా చెప్పుల చప్పుడు. బావ తలుపు సందులో తల పెట్టాడు. చెమటలు కారుతున్నాయి, రొప్పుతున్నాడు. వాసన లేదు.

"పలకవేంరా దరిద్రుడా! ఏమైందోనని హడలి చచ్చాను!"

"ఉన్నా బావా" అన్నాను.