అక్క ముగ్గులకు సాక్ష్యం

పోయినవి ఇవి. మా అక్క. బాగ్‌బేరాలో ఆమె ఉన్న రైల్వే క్వార్టరు. దాని వాకిలి. క్యాలెండరు కాగితాల వెనక ఆమె గీసిన ముప్పై ఆరు ముగ్గులు. వానకు తడిసి ముద్దయిపోయాయి. తడవకముందే స్కాన్ చేయించి నేను ఇంటర్నెట్‌లో పెట్టిన పేజీ కూడా మూతపడింది. ఆ బొమ్మలే ఇంకో వెబ్‌సైటులో కనిపించాయి, కింద వాళ్ల పేరుతో.

నేను కాలేజీ మొహం చూడలేదు. చుక్కలు లెక్కపెట్టిస్తూ అక్క వేసిన పునాది మీదే సొంతంగా నేర్చుకుని, భాలుబాసాలో ఒక బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. ఆ ఏడాది కంప్యూటర్ క్లాసూ నాకే ఇచ్చారు. కాపీరైటు పాఠం వచ్చిన రోజు ఆ ముగ్గులు అచ్చుతీసి బల్లమీద పరిచాను. సగంమంది అక్క తరఫు, సగంమంది సైటు తరఫు. అక్కదేనని సాక్ష్యం చూపలేని ముగ్గు పక్కకు పెట్టాలి. నియమం నాదే. పిల్లల నోట గెలిచే మాట ఒక్కటి దొరికితే దాన్నే సైటువాళ్లకు రాద్దామని నా ఆశ.

"ఇది మా అమ్మ కూడా ఏత్తాది సార్," అంది సైటు తరఫు అమ్మాయి. "బిర్సానగర్‌లో మా లైనంతా ఇదే."

"అక్కగారు కింద పేరెందుకు రాయలేదు?" అన్నాడు ఆమె పక్కవాడు.

"ముగ్గు కింద పేరు రాత్తారేటి? అందరూ తొక్కరా?" అక్క తరఫు అమ్మాయి లేచింది.

"తో సబూత్ ఏదీ?" అన్నాడు వాడు.

"రోజూ నా హోంవర్కు చూసి రాసేవోడివి, నువ్వడుగుతన్నావేటి సబూత్!"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సాక్ష్యమేదని వాడడిగింది న్యాయమైన ప్రశ్నే. పొద్దున వేసిన ముగ్గు మర్నాడు కడిగేస్తారు. పక్కింటి వాకిట్లో చూసి వేసుకుంటే ఎవరూ తప్పనుకోరు. అక్క అలా చూసి వేసినవే ఎక్కువ. ఒక్కో కాగితం పక్కకు వెళ్తుంటే ఆమె వాకిలి జానెడు జానెడు తగ్గిపోతున్నట్టుంది. ఆపేద్దామనుకున్నాను. ఏమని ఆపను?

చివరికి తొమ్మిది మిగిలాయి. యార్డులో రైలు పట్టాలు విడిపోయే తీరు చూసి అక్క గీతలు మలిచినవి. ఏ పిల్లా ఇది మా ఇంట్లో ఉందనలేదు.

"ఇవి పక్కా అక్కగారివే సార్. రాసీండి," అన్నాడు సబూత్ అడిగినవాడే.

ఆ తొమ్మిది ముగ్గుల గురించే సైటువాళ్లకు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. చాలా నెలల తర్వాత రెండింటి కింద అక్క పేరు కనిపించింది. ఎందుకు రెండింటికేనో చెప్పలేదు. ఆ తర్వాత నేనెన్ని రాసినా పలకలేదు.

ఆమె పేరు ఇంకా ఏడు ముగ్గుల కింద రావాలి.